గుడ్ల కంటే ముందు మీటరుకు పరీక్ష

కోడిగుడ్డు ఎన్ని రోజులకు పిల్లవుతుందని అడిగితే మూడో తరగతి పిల్లలు కూడా 21 రోజులని టక్కున చెబుతారు. ఎంత వేడి కావాలో సైన్సు టీచరు చెబుతారు. ఎంత తేమ కావాలో ఇంక్యుబేటర్‌తో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది. ఆ తేమ ఇప్పుడు పెట్టెలో ఉందా, లేదా? ఈ ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం అందరం పెట్టెలో ఉన్న చిన్న మీటరు వైపే చూస్తాం. అది 50 అంటే 50 అనుకుంటాం. రెండు మూడు వందల రూపాయలకు దొరికే ఆ మీటరు నిజమే చెబుతోందా అని అడిగేవాళ్లు తక్కువ.

అడగాలి. అదీ గుడ్లు తెచ్చాక కాదు, తేకముందే. అందుకు కావలసిన సరంజామా కూడా పెద్దగా ఏమీ లేదు. చెంచాడు ఉప్పు, నీళ్ల సీసా మూత ఒకటి, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి, ఒక రాత్రి సమయం చాలు.

సైన్సు క్లబ్బు పనిగా బడిలో గుడ్లు పొదిగిస్తే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. పిల్లలు వంతులేసుకుని గుడ్లు తిప్పుతారు. ఆదివారం కూడా ఎవరో ఒకరు వచ్చి చూసి వెళతారు. ఏడో రోజున టార్చి వెలుగులో ఎర్రటి నరాలు కనిపిస్తే తరగతంతా పండగే. అలాంటిది 21వ రోజు గడిచి, 22, 23 కూడా గడిచి, ఒక్క గుడ్డూ చిట్లకపోతే? టీచరు జాగ్రత్తగా ఒక గుడ్డు పగలగొట్టి చూస్తే లోపల ఈకలతో సహా పూర్తిగా ఎదిగిన పిల్ల చనిపోయి ఉంటే? అప్పుడు గుడ్లు మంచివి కావంటారు, కరెంటు పోయిందంటారు, ఎవరో మూత ఎక్కువసార్లు తీశారంటారు. వీటిలో ఏదైనా నిజం కావచ్చు. కానీ మొదటి రోజు నుంచీ అందరి కళ్లెదుటే ఉండి తప్పు అంకె చూపించిన మీటరును ఎవరూ అనుమానించరు.

పెంకులోంచి పోయే నీరు

గుడ్డు పెంకు గట్టిగా కనిపిస్తుంది గానీ దాని నిండా కంటికి కనబడని వేల రంధ్రాలుంటాయి. లోపల పెరుగుతున్న పిల్లకు ఆక్సిజన్ వాటిలోంచే వస్తుంది. బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వాటిలోంచే బయటికి పోతాయి. ఈ రాకపోకలకు ఊపిరి పీల్చడం లాంటి శ్రమ ఏదీ అక్కర్లేదనీ, వాయువులు వాటంతటవే ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటుకు వ్యాపిస్తాయనీ 1970లలో అమెరికాలోని బఫెలోలో హెర్మన్ రాన్, అమోస్ ఆర్, చార్లెస్ పగనెల్లి అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు.

నీరు పోతున్న కొద్దీ గుడ్డు లావుపాటి కొనలో గాలి గది పెద్దదవుతుంది. పిల్ల 19, 20 రోజులకు ముక్కుతో పొర చీల్చి మొదటి ఊపిరి పీల్చేది ఆ గదిలోని గాలినే. అందుకే గుడ్డులోంచి నీరు పోవాలి, అయితే లెక్కగా పోవాలి. కోడిగుడ్డయితే పెట్టిన రోజు బరువులో 11 నుంచి 14 శాతం దాకా 18వ రోజుకల్లా తగ్గాలి. 13 దగ్గర ఉంటే నిశ్చింత.

తేమ మరీ ఎక్కువైతే నీరు సరిగా పోదు. గాలి గది చిన్నదిగా మిగులుతుంది. పిల్ల ఉబ్బి, తిరగడానికి చోటు లేక, మిగిలిన నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. తేమ మరీ తక్కువైతే లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుంది. పెంకుకు చిల్లు పెట్టిన పిల్ల కూడా అక్కడే ఆగిపోతుంది.

మొదటి 18 రోజులు పెట్టెలో 45 నుంచి 55 శాతం తేమ, చివరి మూడు రోజులు 65 నుంచి 70 అని చెప్పడం ఈ లెక్క కోసమే. ఇందులో పిల్లలతో వేయించదగ్గ చిన్న గణితం ఉంది. గుడ్డు లోపల గాలి దాదాపు నూరు శాతం తేమతో ఉంటుంది. బయట 50 ఉంటే తేడా 50. నీరు పోయే వేగం ఈ తేడాను బట్టి ఉంటుంది. 50 దగ్గర 13 శాతం బరువు తగ్గే గుడ్డు, బయట 60 ఉంటే తేడా 40కి పడిపోతుంది కాబట్టి 10.4 శాతమే తగ్గుతుంది. బయట 40 ఉంటే తేడా 60, తరుగు 15.6 శాతం. రెండూ హద్దు బయటే. అదే 45 అయితే 14.3, 55 అయితే 11.7. ఇవి అంచున ఉన్నాయి.

అంటే మీటరులో 5 తేడాను గుడ్డు ఎలాగో ఓర్చుకుంటుంది. 10 తేడాను ఓర్చుకోలేదు. ఈ ఒక్క మాట తరగతి గోడ మీద రాసి పెట్టుకోదగ్గది.

మీటరు ఎందుకు తప్పుతుంది

తేమను కొలవడం వేడిని కొలిచినంత సులువు కాదు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సొసూర్ 1783లో తేమ మీద రాసిన పుస్తకంలో వివరించిన పరికరంలో తీగ బదులు మనిషి వెంట్రుక ఉండేది. తడి గాలిలో వెంట్రుక కాస్త సాగుతుంది, పొడి గాలిలో కుంచించుకుంటుంది. ముల్లు తిరిగే గుండ్రటి మీటర్లు కొన్నింటిలో ఇప్పటికీ ఇదే సూత్రం. వెంట్రుకకు బదులు చుట్టిన పట్టీ ఉంటుంది, అంతే. దుకాణంలో ఏళ్ల తరబడి వేలాడిన అలాంటి మీటరు ముల్లు ఎక్కడ ఆగిందో అక్కడే బద్ధకంగా ఉండిపోతుంది.

అంకెలు చూపే డిజిటల్ మీటరులో తేమను పీల్చుకునే పలుచటి పొర ఉంటుంది. అది తేమను పీల్చినప్పుడు దాని విద్యుత్ గుణం మారుతుంది. ఆ మార్పును చిప్ అంకెగా మారుస్తుంది. బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే అక్కడ నీలిరంగు డీహెచ్‌టీ 11 సెన్సర్ చూసే ఉంటారు. దాని తయారీ వివరాల్లోనే 5 శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చని రాసి ఉంటుంది. తెల్లటి డీహెచ్‌టీ 22 కాస్త మెరుగు, దాని తేడా 2 శాతం. ఇవీ కొత్త సరుకుకు చెప్పే లెక్కలే. దుమ్ము, కోడిపిల్లల నూగు, ఫినాయిల్ ఆవిరి, వంటింటి పొగ సోకాక ఆ పొర మొదటి రోజులా ఉండదు. ఇంక్యుబేటర్‌లోనే బిగించి వచ్చే మీటరు కూడా ఇదే జాతి. ఖరీదైన పెట్టె కొన్నాం కాబట్టి మీటరు కూడా సరైనదే అయి ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు.

మరో చిక్కు. 43.2 అని దశాంశంతో చూపే మీటరును చూస్తే పిల్లలకూ మనకూ ఎక్కడ లేని నమ్మకం కలుగుతుంది. దశాంశం చూపడం వేరు, సరిగా చూపడం వేరు. ఒకే గదిలో ఒకే బల్ల మీద మూడు మీటర్లు పెట్టి చూడండి. మూడూ మూడు రకాలుగా చెబితే ఏది నిజమని పిల్లలే అడుగుతారు. పాఠం మొదలుపెట్టడానికి అంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

ఉప్పు చెప్పే సాక్ష్యం

వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం మనందరికీ తెలిసిందే. గాలిలో తేమ ఒక హద్దు దాటితే ఉప్పు ఆ నీటిని లాక్కుంటుంది. ఆ హద్దు కంటే గాలి పొడిగా ఉంటే తడి ఉప్పు తన నీటిని గాలికి వదిలేస్తుంది. మామూలు ఉప్పుకు ఆ హద్దు 75 శాతం. మూసిన సంచిలో తడి ఉప్పు పెడితే అది కాస్త ఇచ్చీ, కాస్త పుచ్చుకుంటూ లోపలి గాలిని 75 దగ్గరే నిలబెడుతుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో లూయిస్ గ్రీన్‌స్పాన్ 1977లో ప్రచురించిన పట్టికలో మామూలు ఉప్పుకు 25 డిగ్రీల దగ్గర 75.3, 35 డిగ్రీల దగ్గర 74.9 అని ఉంది. గది చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా అంకె దాదాపు మారదు. ప్రయోగశాలల్లో కూడా తేమ మీటర్లను సరిచూడటానికి ఇలాంటి ఉప్పు ద్రావణాలనే వాడతారు.

చేసే పద్ధతి ఇది. నీళ్ల సీసా మూతలో చెంచాడు పొడి ఉప్పు వేయండి. ప్యాకెట్ ఉప్పే వాడండి, రాళ్ల ఉప్పు వద్దు. రాళ్ల ఉప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి. అది తొందరగా నీరు కారేది అందుకే. దానితో అంకె 75 కంటే కిందికి జారవచ్చు. ఉప్పు మీద చుక్క చుక్కగా నీళ్లు వేయండి. తడి ఇసుకలా కావాలి, కరిగి నీరు కాకూడదు. కరగని ఉప్పు కంటికి కనబడుతూ ఉంటేనే పరీక్ష పని చేస్తుంది. నీళ్లు ఎక్కువై ఉప్పంతా కరిగిపోతే సంచిలో తేమ 75 దాటుతుంది, మంచి మీటరు కూడా తప్పు చెప్పినట్టు కనిపిస్తుంది. పొరపాటున నీళ్లు ఎక్కువ పడితే ఇంకాస్త ఉప్పు కలపండి.

మూతనూ మీటరునూ పక్కపక్కన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కొంచెం గాలి ఉండేలా చూసి జిప్ బిగించండి. ఉప్పు మీటరుకు తగలకూడదు. సంచి లేకపోతే బిగువు మూత ఉన్న గాజు సీసా అయినా ఫరవాలేదు, బయటి నుంచి అంకె కనబడితే చాలు. ఎండ పడని చోట, ఫ్యాన్ గాలి తగలని చోట, ఫ్రిజ్ మీద కాకుండా పెట్టండి. వేడి మారుతూ ఉంటే సంచి లోపల నీటి బిందువులు పడతాయి, అప్పుడు అంకె నిలబడదు. డిజిటల్ మీటరుకు 12 గంటలు, ముల్లు మీటరుకు పూర్తిగా ఒక రోజు ఇవ్వండి. సాయంత్రం బడి వదిలేటప్పుడు పెడితే పొద్దున ప్రార్థన కాగానే చూడవచ్చు.

చూసేటప్పుడు సంచి తెరవకూడదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చాలామంది తడబడేది ఇక్కడే. జిప్ తీసి మీటరును చేతిలోకి తీసుకుంటే బయటి గాలి, మన ఊపిరి తగిలి క్షణాల్లో అంకె మారిపోతుంది. సంచిలో ఉండగానే చదవాలి, చదివి వెంటనే రాసుకోవాలి.

మీటరు 68 చూపిందనుకుందాం. ఉండవలసింది 75 కాబట్టి సవరణ +7. మీటరు 80 చూపితే సవరణ -5. ఆరో తరగతిలో రుణ సంఖ్యలు ఎందుకని అడిగే పిల్లవాడికి ఇక్కడ జవాబు దొరుకుతుంది. సవరణను చిన్న కాగితం మీద రాసి మీటరు వెనక అంటించండి. అదే పరీక్ష మర్నాడు ఇంకోసారి చేయండి. రెండుసార్లూ ఒకటి రెండు అంకెల తేడాతో ఒకే జవాబు వస్తే ఆ మీటరు తప్పు చెబుతున్నా ఒకే రీతిలో చెబుతోందని అర్థం, దానితో పని నడుస్తుంది. ఒకసారి 68, ఇంకోసారి 79 వస్తే దానికి ఏ సవరణా పనికిరాదు, పక్కన పెట్టేయండి. 75కూ మీటరుకూ తేడా 10 దాటినా నేనైతే ఆ మీటరును గుడ్ల దగ్గరికి రానివ్వను.

ఒక్క పరీక్షతో సరిపోతుందా? చివరి మూడు రోజులకు సరిపోతుంది, ఎందుకంటే అప్పుడు కావలసిన తేమ 75కు దగ్గరలోనే ఉంది. మొదటి 18 రోజులకు కావలసింది 50 ప్రాంతం. 75 దగ్గర 7 తక్కువ చూపే మీటరు 50 దగ్గర కూడా సరిగ్గా 7 తక్కువే చూపాలని లేదు. హైస్కూలు ప్రయోగశాలలో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటే ఇదే పరీక్ష దానితోనూ చేయవచ్చు. అది గాలిని 33 శాతం దగ్గర నిలబెడుతుంది. 33 దగ్గర ఒక సవరణ, 75 దగ్గర ఒక సవరణ దొరికితే గ్రాఫు కాగితం మీద రెండు చుక్కలు కలిపి మధ్యలో 50కి ఎంత సవరించాలో పిల్లలే చెప్పగలరు.

మెగ్నీషియం క్లోరైడ్ లేకపోతే తడి బల్బు పద్ధతి ఉండనే ఉంది. ల్యాబ్‌లోని రెండు ఒకే రకం థర్మామీటర్లు తీసుకుని ఒకదాని బల్బుకు తడి నూలు గుడ్డ చుట్టి, గుడ్డ కొస చిన్న గిన్నెలోని డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచండి. రెండింటినీ ఇంక్యుబేటర్‌లో ఫ్యాన్ గాలి తగిలే చోట పెట్టండి. పొడి థర్మామీటరు 37.5 చూపుతుండగా తడిది 27 చూపితే తేమ దాదాపు 44 శాతం, 28 అయితే దాదాపు 49, 29 అయితే 53. చివరి రోజుల్లో తడిది 32 దగ్గర ఉంటే తేమ దాదాపు 68. గాలి ఆడని పెట్టెలో ఈ పద్ధతి నమ్మదగ్గది కాదు. తడి బల్బు చాలినంత చల్లబడక తేమ ఎక్కువున్నట్టు చూపుతుంది.

మన ఊరి గాలి, పక్క ఊరి సలహా

గుడ్లు పొదిగించడంపై సలహాలకు కొదవ లేదు. ఒకరు ట్రేలో నీళ్లు నిండా పోయమంటారు, ఒకరు అసలు నీళ్లే వద్దంటారు. ఇద్దరూ తమ తమ ఊళ్లో నిజమే చెబుతున్నారు.

గాలి వేడెక్కితే అందులో నీటి ఆవిరి అంతే ఉన్నా తేమ శాతం పడిపోతుంది, ఎందుకంటే వేడి గాలికి ఇంకా ఎక్కువ ఆవిరిని ఉంచుకునే చోటు ఉంటుంది. యానాంలో గోదావరి గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉన్న రోజున అదే గాలి ఇంక్యుబేటర్‌లోకి వెళ్లి 37.5కు వేడెక్కితే తేమ 53 శాతం అవుతుంది. నీళ్లు ఒక్క చుక్క పోయకుండానే మొదటి 18 రోజులకు సరిపోయేంత తేమ అది. హోసూరులో చల్లటి రోజున 22 డిగ్రీలు, 60 శాతం ఉన్న గాలి పెట్టెలోకి వెళ్లాక 25 శాతమే. షోలాపూర్‌లోనో బళ్లారిలోనో ఏప్రిల్ మధ్యాహ్నం 38 డిగ్రీలు, 20 శాతం ఉంటే పెట్టెలోనూ దాదాపు 20 శాతమే. యానాం బంధువు చెప్పినట్టు షోలాపూర్‌లో చేస్తే గుడ్లు ఎండిపోతాయి. షోలాపూర్ పద్ధతి యానాంలో పాటించి ట్రే నిండా నీళ్లు పోస్తే గాలి గది పెరగదు. బరంపురంలో శ్రావణం ఒకలా, మాఘం ఒకలా ఉంటుంది. చెన్నైలో కిటికీ తీస్తే ఒక లెక్క, ఏసీ వేస్తే ఒక లెక్క.

అందుకే వేరే ఊరి నుంచి తేవలసింది నీళ్ల కొలత కాదు, పరీక్షించిన మీటరు. ఉప్పు సంచిలో మాత్రం ఏ ఊళ్లోనైనా 75 శాతమే ఉంటుంది. రెండు మూడు ఊళ్ల బడులు ఒకే వారంలో ఈ పరీక్ష చేసి తమ తమ సవరణలు ఒకరికొకరు రాసి పంపుకుంటే పిల్లలకు మంచి కాలక్షేపం. రాసేటప్పుడు మాటలూ కలుస్తాయి. హోసూరు పిల్లలు తమిళ పాఠంలో దీన్ని ఈరప్పదం అని చదువుతారు, కోలారు పిల్లలు కన్నడంలో తేవాంశ అని చదువుతారు, మరాఠీ, ఒడియాల్లో ఆర్ద్రతే. తెలుగు పుస్తకంలో సాపేక్ష ఆర్ద్రత అని బరువుగా ఉన్నా ఇంట్లో అనే మాట తేమ. కన్నడ తేవకూ మన తేమకూ చుట్టరికం వినగానే తోస్తుంది. పట్టికలో పిల్లలు తేమ అని రాసుకుంటే నాకైతే అభ్యంతరం లేదు.

చివరి సాక్షి తక్కెడ

మీటరును ఎంత పరీక్షించినా అది గాలి సంగతే చెబుతుంది. గుడ్డు సంగతి చెప్పేది గుడ్డు బరువే. ఒక గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ తక్కెడ చాలు.

మొదటి రోజున ప్రతి గుడ్డుకూ పెన్సిల్‌తో నంబరు వేసి, బరువు విడివిడిగా రాసుకోండి. పెన్ను వద్దు. నాటు కోడి గుడ్లు 12, ఒక్కొక్కటి 45 గ్రాములనుకుంటే మొత్తం 540. 18వ రోజుకు 13 శాతం, అంటే 70 గ్రాములు తగ్గి 470 దగ్గర ఉండాలి. 481 నుంచి 464 మధ్య ఎక్కడున్నా మంచిదే. ఆరో రోజుకు 517, పన్నెండో రోజుకు 493 దగ్గర ఉంటే దారి సరిగా ఉన్నట్టే. ఆరో రోజునే 525 ఉంటే నీరు చాలినంత పోవడం లేదు, ట్రేలో నీళ్లు తగ్గించండి. 510 ఉంటే నీళ్లు కొంచెం పెంచండి. మురుగు గుడ్లను మధ్యలో తీసేస్తే వాటి మొదటి బరువును మొత్తంలోంచి తీసేసి లెక్క మళ్లీ వేసుకోవాలి. విడివిడిగా రాసుకోమన్నది అందుకే.

మీటరు ఒకటి చెప్పి తక్కెడ ఇంకొకటి చెబితే తక్కెడ మాటే వినండి. అలాగని మీటరు అక్కర్లేదనుకోకండి. తరుగు తప్పుతోందని తక్కెడ చెప్పేసరికి ఐదారు రోజులు గడిచిపోతాయి, మీటరు అదే రోజు చెబుతుంది.

ఇక మిగతా ఏర్పాట్లు క్లుప్తంగా. మీటరును గుడ్ల ఎత్తులోనే పెట్టండి, నీళ్ల ట్రే పక్కన పెడితే ఎక్కువ చూపుతుంది. ఫ్యాన్ ఉన్న పెట్టెకు 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేనిదైతే గుడ్ల పైభాగం దగ్గర 38.5 ఉండాలి. తేమ మీటరులోనే ఉండే వేడి అంకెను కూడా నమ్మకుండా జ్వరం చూసే థర్మామీటర్ పక్కన పెట్టి ఒకసారి పోల్చుకోండి. దుకాణంలో దొరికే ఫారం గుడ్లు పిల్లలు కావు, ఆ కోళ్ల మధ్య పుంజు ఉండదు. పుంజు తిరిగే ఇంటి నుంచి తెచ్చిన, వారం దాటని గుడ్లు కావాలి. గుడ్లు ముట్టుకున్నాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పుట్టబోయే పిల్లలను ఎవరు పెంచుతారో గుడ్లు పెట్టకముందే తల్లిదండ్రులతో మాట్లాడుకుని తేల్చుకోండి. పుట్టేవాటిలో దాదాపు సగం పుంజులే ఉంటాయన్నది కూడా ఆ మాటల్లో రావాలి.

గుడ్లు పెట్టే ముందు పెట్టెను ఖాళీగా ఒకటి రెండు రోజులు నడపడం మంచి అలవాటు. సవరించిన మీటరును లోపల పెట్టి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకెలు రాస్తే మీ గదిలో ఎంత నీటికి ఎంత తేమ వస్తుందో తెలుస్తుంది. నీటి లోతు కంటే నీటి పైభాగం వెడల్పు ముఖ్యం. లోతైన గ్లాసు కంటే వెడల్పాటి సాసరు తేమను ఎక్కువ పెంచుతుంది. తేమ చాలకపోతే ఇంకో సాసరు, ఎక్కువైతే ఒకటి తీసేయడం. పిల్లలు ఈ ఆట తొందరగా పట్టుకుంటారు.

18వ రోజున గుడ్లు తిప్పడం ఆపి, తేమను 65 నుంచి 70కి పెంచి మూత వేస్తే ఇక తీయకూడదు. మొదటి పిల్ల బయటపడగానే దాని ఒంటి తడితో మీటరు 80 దాటవచ్చు, కంగారు పడి మూత తెరవకండి. తెరిస్తే లోపలి తేమ ఒక్కసారిగా పోయి, ఇంకా పెంకులో ఉన్నవాటి పొర ఎండుతుంది. కడుపులో మిగిలిన పచ్చసొన బలంతో పిల్లలు ఒకటి రెండు రోజులు మేత లేకుండానే ఉండగలవు. అవి ఆరి, ఈకలు పొంగాకే తీసి వెచ్చటి పెట్టెలోకి మార్చండి.

ఆ తర్వాత మీటరు మీద నూగు, తడి చేరి ఉంటాయి. మెత్తటి బ్రష్‌తో దులిపి, రెండు రోజులు గాలికి ఆరనిచ్చి, వెనక అంటించిన పాత సవరణ కాగితం పీకేయండి. తర్వాతి విడత గుడ్లకు కబురు పంపేలోపు దాన్ని మళ్లీ ఒక రాత్రి ఉప్పు సంచిలో పెట్టి కొత్త అంకె రాసుకోవాలి.